పద్దెనిమిదేళ్ళ బాయిలర్

జెచన్,
నవంబరు 5

ఓక్‌నమ్,

బాగున్నావా తల్లీ? ముందు నన్ను తిట్టుకోవడం ఆపి, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి ఇరవై రెండు రోజులైంది. కొట్లో వాల్వుల డబ్బా కింద పడుంది. రోజూ కనబడుతూనే ఉంది, రోజూ "ఇవాళ రాసేస్తా" అనుకుంటూనే ఉన్నాను. చలి మొదలైతే నా బతుకెలా ఉంటుందో నీకు తెలుసుగా. ఎండాకాలమంతా ఇంట్లో నేల వెచ్చబెట్టే బాయిలర్ అనేది ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. మొదటి మంచు పడిన పొద్దున్న మాత్రం ఊరు ఊరంతా నా గుమ్మంలో ఉంటుంది. దానికి తోడు మా ఆయన నడుం పట్టేసి ఆస్పత్రిలో పడుకున్నాడు. నలభై ఏళ్ళు బాయిలర్లు మోసిన నడుం, ఒక్క తుమ్ముకి పోయింది!

ఫోను చేద్దామంటే చెవి మిషను ఈల వేస్తుందంటావు. మెసేజి పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. సరే, మనకి ఉత్తరాలే రాసిపెట్టున్నాయి. చేత్తో రాస్తే నాది బిల్లుల రాత, నీకు అర్థం కాదు. అందుకే కొట్టు కంప్యూటర్లో టకటకా కొట్టేస్తున్నా. తప్పులుంటే సర్దుకో.

మీ అత్తగారి నలభై తొమ్మిదో రోజు కర్మకి రాలేకపోయాను, ఏమనుకోకు. ఆగస్టులో చావుకి వచ్చినప్పుడు నిన్నే చూస్తూ కూచున్నాను. వచ్చినవాళ్ళకల్లా చావింట్లో పెట్టే ఎర్ర సూపు వడ్డించావు, గిన్నెలు తోమావు, చెప్పులు సర్దావు. కంట్లో ఒక్క చుక్క లేదు. పదమూడేళ్ళు ఒక్కదానివే ఆ ముసలావిడకి చాకిరీ చేశావు. ఇప్పుడైనా ఏడ్చావా?

ఇంక నువ్వడిగిన సంగతి. "బాయిలర్ మార్చాల్సిన రోజు వచ్చిందని ఎలా తెలుస్తుంది?" అన్నావు. కొట్టుకొచ్చేవాళ్ళకి నేను చెప్పే పాట ఒకటే. ముందు పక్కనున్న స్టిక్కరు చూడు, పెట్టిన తేదీ ఉంటుంది. పదేళ్ళు దాటిందా, ఇక నమ్మకు. ఒక గది నేల కాలిపోతూ పక్క గది మంచుగడ్డలా ఉంటే నమ్మకు. మంట నీలంగా కాకుండా పసుపుగా వచ్చినా, గొట్టం చుట్టూ మసి కనబడినా, ఎప్పుడూ లేని చప్పుడు చేసినా, ఒకే చలికాలంలో రెండుసార్లు మనిషిని పిలవాల్సొచ్చినా, ఇంక దాన్ని బతిమాలకు. నీది పద్దెనిమిదేళ్ళది. మా ఆయనే బిగించాడు, స్టిక్కరు మీద మా కొట్టు పేరే ఉంటుంది. బాయిలర్ల లెక్కన అది మీ అత్తగారి కంటే పెద్దది.

కానీ నువ్వు కొట్టుకొచ్చిన మనిషివి కాదు కదే. నీక్కూడా "మార్చెయ్" అంటే నా నోటికే బాగాలేదు. పిల్‌సున్ స్నేహితురాలి మీద కూడా బేరం చేస్తుందని ఎవరన్నా అంటే నేను తలెత్తుకోలేను. పొగగొట్టం మెడ వదులై గాలికి ఊగుతోంది అన్నావు. అంతేగా? ఈ పొట్లంలో వెండి టేపు ఒక చుట్ట పెట్టాను. మూడు చుట్లు బిగించి తిప్పు. బాయిలర్ గది కిటికీలో పాత బొంత ఏదన్నా కుక్కు, లేకపోతే జనవరిలో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి నన్ను తిడతావు. మార్చి దాకా లాగించు. అప్పటికి ఈ గోల తగ్గుతుంది, మా ఆయన నడుమూ లేస్తుంది, కొత్తది తనే తెచ్చి బిగిస్తాడు.

ఇంకో మాట. కిమ్చి ఊరబెట్టుకునే ఫ్రిజ్ తీసుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? అరవై ఆరేళ్ళొచ్చి ఇంకా పెరట్లో జాడీ పాతిపెట్టుకోవడం, మంచులో వంగి తోడుకోవడం ఏమిటే? మా ఆడపడుచు వాడి వదిలేసింది ఒకటుంది. ఊ అను, పంపించేస్తా.

నీ పిల్‌సున్


జొంగ్‌సన్,
నవంబరు 21

పిల్‌సున్‌కి,

పొట్లం అందింది. టేపు చుట్టాను. నువ్వు మూడన్నావు, నేను నాలుగు చుట్టాను.

కిటికీలో అత్తగారి ఎర్ర బొంత కుక్కాను. ఆవిడ బట్టలన్నీ తగలబెట్టాం. ఆ బొంత మాత్రం మిగిలిపోయింది. ఎవరూ తీసుకోలేదు. సరిగ్గా కిటికీ అంతే ఉంది.

నేనిప్పుడు ఆవిడ గదిలో పడుకుంటున్నాను. ఇంట్లో నేల వెచ్చగా ఉండేది అక్కడే. వెనకే బాయిలర్ గది, మధ్యలో చిన్న జరుపుడు తలుపు. ఆ గోడ వారన ఆవిడ పరుపున్న చోటే నా పరుపు వేసుకున్నాను.

ఏడవలేదు. ఊళ్ళో అందరూ అదే అడుగుతున్నారు. గ్రామపెద్ద తక్ గారి భార్య "కష్టం తీరింది కదా అక్కా, హాయిగా ఉండు" అంది. హాయిగానూ లేదు, బాధగానూ లేదు. పొద్దున్న లేచి ఆవిడకి గంజి పెట్టాలని పొయ్యి దగ్గరికి వెళ్ళి, అవసరం లేదని గుర్తొచ్చి వెనక్కొస్తాను. అంతే.

ఈసారి చలికాలం కిమ్చికి పదకొండు క్యాబేజీలే వేశాను. పోయినేడు అరవై. ముల్లంగి నీళ్ళ కిమ్చి ఒక జాడీ పెట్టాను, ఎప్పటిలాగే పెరట్లో పాతాను. ఫ్రిజ్ వద్దు.

మీ ఆయన నడుం ఎలా ఉంది?

ఓక్‌నమ్


జెచన్,
డిసెంబరు 11

ఓక్‌నమ్,

నీ ఉత్తరాలు రోజురోజుకీ కరెంటు బిల్లులా తయారవుతున్నాయి. విషయం ఉంటుంది, మనిషి ఉండదు. ముసలాళ్ళ క్లబ్బుకి వెళ్ళి పేకాట ఆడు. ఓడిపోతే కోపమన్నా వస్తుంది.

మా ఆయన ఇంటికొచ్చాడు. నడుంకి పట్టా కట్టుకుని కొట్లో కుర్చీ మీద కూచుని నేను చేసే ప్రతి పనికీ వంక పెడుతున్నాడు. ఆస్పత్రిలో ఉన్నప్పుడే నయం.

నిన్నొక ముసలాయన వచ్చాడు, విను.

"బాయిలర్ చలికి మొరాయిస్తోందమ్మా, చిన్న సామానేదో పోయినట్టుంది."

"ఎన్నేళ్ళది తాతగారూ?"

"ఇంకా కుర్రదేలే."

"కుర్రదంటే?"

"ఇరవై ఒకటి."

"ఆ వయసైతే సైన్యానికి పంపండి, నా దగ్గరికెందుకు వచ్చారు?"

"చెప్పుతో రెండు తగిలిస్తే వెలుగుతుందమ్మా ఇప్పటికీ!"

అప్పుడు నేను బల్ల మీద చెయ్యి వేసి చెప్పాను. "తాతగారూ, ఇవాళ దాన్ని మళ్ళీ వెలిగించారంటే మీ అబ్బాయికి నేనే ఫోను చేస్తాను. ఇంటికి పోండి, కిటికీలు తియ్యండి, సాయంత్రానికి మా మనిషి కొత్తది పట్టుకొస్తాడు." ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు. "నీకు అమ్ముకోవడమే పని" అన్నాడు గుమ్మంలోంచి. అననీ. రాత్రి బతికుంటే పొద్దున్న తిట్టుకుంటాడు.

ఇవాళ తేదీ చూశావా? జొమ్‌రే రోజు. నలభై ఏడేళ్ళు. నేనేమీ చెయ్యను ఈ రోజున, ఒక గిన్నెడు ముల్లంగి నీళ్ళు తాగుతాను, అంతే. ఆ బస్సు కంపెనీ హాస్టలు, ఒక్క గదిలో పధ్నాలుగు మంది కండక్టరమ్మాయిలం, నేల కింద బొగ్గు దిమ్మలు. జొమ్‌రేకి జ్వరంగా ఉందని వెచ్చటి గోడవారన నీ చోటు దానికిచ్చి నువ్వు తలుపు దగ్గరికి, నా పక్కకొచ్చావు. తెల్లారి వార్డెనమ్మ మనందర్నీ కాళ్ళు పట్టి మంచులోకి ఈడ్చి, జాడీలో ముల్లంగి నీళ్ళు దోసిళ్ళతో నోట్లో పోసింది. ఆ రోజుల్లో బొగ్గు గ్యాసుకి అదే కదా మందు. మనం దగ్గాం. జొమ్‌రే దగ్గలేదు. ఇప్పటికీ తలనొప్పి వస్తే నా చెయ్యి మాత్రల డబ్బా మీదకి పోదే, ఆ జాడీ మీదకే పోతుంది.

నువ్వెప్పుడూ ఆ మాట ఎత్తవు. నేనే ఎత్తుతాను. సరేలే.

టేపు నిలిచిందా?

పిల్‌సున్


జొంగ్‌సన్,
డిసెంబరు 23

పిల్‌సున్‌కి,

రాయడం ఆలస్యమైంది. కూర్చుంటే నిద్ర వస్తోంది. నిన్న మొదలుపెట్టాను, రెండు ముక్కలు రాసి ఆపేశాను.

పదమూడేళ్ళూ ఆవిడ మూలుగుకి లేస్తూ పడుకున్నాను. ఇప్పుడు పడుకుంటే తెల్లారిపోతుంది. లేచేసరికి నెత్తి మీద ఇనప కుండ బోర్లించినట్టు ఉంటుంది. కాళ్ళు నావి కావనిపిస్తాయి. పెరట్లోకి వెళ్ళి జాడీ మూత తీసి, అక్కడే నిలబడి రెండు గిన్నెల ముల్లంగి నీళ్ళు తాగుతాను. కాసేపటికి తేలికపడుతుంది. ఎండెక్కేసరికి బాగుంటుంది. పొద్దుగూకి తలుపులేసుకుంటే మళ్ళీ బరువు. జాడీ అప్పుడే సగమైంది.

క్లినిక్‌లో చెప్పాను. పెద్ద చావు అయిన ఇంట్లో ఇది మామూలే అన్నారు, మాత్రలిచ్చారు. తక్ గారి భార్య కూడా దిగులంటే ఇంతే అంది. ఏడుపు రాని వాళ్ళకి దిగులు తలకెక్కుతుందట. అయితే నాకూ దిగులుందన్నమాట. అది తెలిసి కొంచెం నయమనిపించింది. పదమూడేళ్ళు చేసి కూడా ఏమీ అనిపించకపోతే నేనేం మనిషినా అనుకున్నాను.

చెడ్డగా ఏం లేదు. దూదిలో పెట్టి చుట్టినట్టుంది. చప్పుళ్ళు దూరంగా ఉంటాయి. ఎవరి మీదా కోపమూ లేదు.

టేపు ఒక పక్క ఊడి వేలాడుతోంది. వేడికి జిగురు కారింది. అత్తగారి లంగా నాడాతో కట్టాను. పసుపు పిల్లి బాయిలర్ పక్కన పడుకునేది కదా, ఈ మధ్య లోపలికి రావట్లేదు. పిలిచినా గుమ్మం దగ్గరే ఆగుతుంది.

చెయ్యి వణుకుతోంది. రాత వంకరపోతోంది. చాలు.

ఓక్‌నమ్


జెచన్,
డిసెంబరు 27

ఓక్‌నమ్,

ఇది నీకు ఆస్పత్రిలో చదివి వినిపిస్తారో, నువ్వే చదువుతావో తెలీదు.

నీ ఉత్తరం పొద్దున్న పదకొండుకి వచ్చింది. నూడిల్స్ తింటూ చదివాను. "జాడీ అప్పుడే సగమైంది" దగ్గర ఆగాను. పిల్లి సంగతి చదివేసరికి గిన్నె వదిలేసి లేచాను.

తక్ గారికి ఫోను చేశాను. ఆయన ఏటి మీద మంచుకి కన్నం పెట్టి చేపలు పడుతున్నాడట.

"ఎవరమ్మా?"

"జెచన్ బాయిలర్ కొట్టు. ఓక్‌నమ్ ఇంట్లో గ్యాసు. పరిగెత్తండి."

"నేను ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతలున్నానమ్మా!"

"మైకు! మీ ఊళ్ళో మైకుందిగా! సెల్లులోంచి కూడా మాట్లాడొచ్చుగా అందులో!"

"ఆఁ, ఉంది. ఏమని చెప్పను?"

"బాయిలర్ ఆపమనండి. తలుపులన్నీ తెరవమనండి. మనిషిని బయటికి లాగమనండి."

ఆయన లైను ఆపకుండానే మైకు కలిపినట్టున్నాడు. ఆయన మాటలు ఇక్కడ నా చెవిలోనూ పడ్డాయి, ఆ వెనకే కొండకి కొట్టుకుని తిరిగొచ్చిన మాటలూ పడ్డాయి. తర్వాత కట్టయింది.

మా ఆయన నడుంకి పట్టాతోనే బండెక్కాడు. వద్దన్నా వినలేదు. సాయంత్రం ఫోను చేశాడు. నిన్ను ఇనప పీపాలాంటి దాంట్లో పడుకోబెట్టి ప్రాణవాయువు ఎక్కిస్తున్నారట. మాట్లాడుతున్నావట. బతుకుతావన్నారట.

పాతది ఊడబీకేశాడు. కొత్తది ఎల్లుండి బిగిస్తాడు. దాంతోపాటు విషగాలి వస్తే మోగే గంట కూడా వస్తుంది, గోడకి పెడతాడు. దాన్ని తియ్యకు. గది కిటికీ ముయ్యకు.

నేను రాలేను. గడ్డకట్టే వారం, కొట్టు వదలడానికి లేదు. కమలాల పెట్టె పంపుతున్నాను.

పిల్‌సున్


జొంగ్‌సన్,
జనవరి 9

పిల్‌సున్‌కి,

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. చెయ్యి వణకడం తగ్గింది, చూడు.

ఆ రోజు మైకు నాకు వినబడలేదు. చెవి మిషను గిన్నెలో ఉంది. ఊరంతటికీ వినబడింది, నాకు తప్ప. నాకు తెలిసిందల్లా ఒకటే. తక్ గారి భార్య బూట్లతో నట్టింట్లోకి వచ్చింది. నూనె కాగితం పరిచిన నేల మీద, మంచు బూట్లతో. వెనక ఇంకో నలుగురు, వాళ్ళూ బూట్లతోనే.

"బూట్లు! బూట్లు విప్పండి!" అన్నాను.

"నీ నేల తగలెయ్య! లే అక్కా!" అంది.

చంకల కింద చేతులేసి లాగారు. లాగుతుంటే వాళ్ళ బూట్ల మరకలు లెక్కపెట్టాను. ఎవరు తుడవాలి ఇదంతా అనుకున్నాను. భయం వెయ్యలేదు. ఏమీ వెయ్యలేదు.

తర్వాత తెలిసింది. తక్ గారు ఏటి మీంచి కంగారులో నా పేరు చివర్లో చెప్పారట. ముందు "బాయిలర్లు ఆపండి, తలుపులు తెరవండి" అన్నారట. ఊళ్ళో ముప్పై ఇళ్ళూ ఆపేశాయి, సాయంత్రం దాకా తలుపులు బార్లా తీసుకుని కోట్లేసుకుని కూచున్నారు. ఇప్పుడు నన్ను చూస్తే "ఇవాళ వెలిగించుకోవచ్చా అక్కా?" అని అడుగుతున్నారు. పిల్లి డిసెంబరు మొదటి నుంచీ తక్ గారింట్లోనే తింటోందట.

గొట్టం మెడ పూర్తిగా జారిపోయిందని మీ ఆయన ఫోటో తీసి చూపించాడు. పొగంతా ఆ గదిలోకే. కిటికీలో బొంత. వేరే దారి లేక జరుపుడు తలుపు సందులోంచి నా పరుపు మీదికి.

డాక్టరు చిన్న పిల్ల. "తలనొప్పి ఎన్నాళ్ళ నుంచమ్మా?" అంది. నవంబరు చివరి నుంచి అన్నాను. "ఏమనుకున్నారు?" అంది. "మా అత్తగారనుకున్నాను" అన్నాను. రాసుకోబోయి ఆగింది. ముల్లంగి నీళ్ళ సంగతి చెబితే, "జాడీ ఎక్కడుంటుంది?" అని అడిగింది. పెరట్లో అన్నాను. "ఆ నీళ్ళలో ఏం లేదమ్మా. మీరు రోజూ దానికోసం బయటికి నడిచారు చూడండి, అదే మిమ్మల్ని ఇన్నాళ్ళు ఉంచింది" అంది.

నీ ఫ్రిజ్ తీసుకునుంటే ఈపాటికి నా చావుకీ ఎర్ర సూపు వడ్డించేవాళ్ళు.

పిల్‌సున్, మీ ఆయన ఆస్పత్రికీ ఇంటికీ రెండేసిసార్లు వచ్చాడు, పట్టేసిన నడుంతో. నీ కమలాలు వచ్చాయి. నువ్వు రాలేదు. జెచన్ బస్సు గంటన్నర. కొట్టు అంటావు. నలభై ఏడేళ్ళుగా నిన్ను ఎరుగుదును, కొట్టుకి తాళం వెయ్యడం నీకు చేతకాని పనేమీ కాదు.

ఎందుకు రాలేదు?

ఓక్‌నమ్


జెచన్,
జనవరి 15

ఓక్‌నమ్,

నాలుగుసార్లు కొట్టి చెరిపేశాను. ఇది ఐదోది. ఇంక చెరపను.

ఆ వెండి టేపు పొగగొట్టానికి వాడేది కాదు. నీళ్ళ గొట్టాల మీద చుట్టే మెత్తటి తొడుగుకి పైన వేసేది. వేడికి దాని జిగురు కారిపోతుంది. నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నాను, తెలియకపోవడమేంటి? పొగగొట్టం మెడ వదులైందంటే ఆ పూటే ఆపెయ్యాలి. కిటికీ ముయ్యమని పిల్లలు కూడా చెప్పరు. మా ఆయన్ని ఒక్క మాట అడిగితే మంచం మీంచే అరిచేవాడు. అడగలేదు. చిన్న సంగతేగా అనుకున్నాను.

చెప్పు దెబ్బ తినే బాయిలర్ ముసలాయన గుర్తున్నాడా? అతనెవరో నాకు తెలీదు. అతని ప్రాణం కోసం బల్ల గుద్ది పోట్లాడాను. నీకు మాత్రం టేపు చుట్ట పంపాను. నీ దగ్గర వ్యాపారం చేసినట్టు ఉండకూడదని. మంచిదాన్ని అనిపించుకోవాలని. అంతే ఓక్‌నమ్, అంతకన్నా ఏం లేదు.

మా ఆయన నీ ఇంట్లో ఊడదీసిన టేపు ముక్క తెచ్చి, కొట్టు బల్ల మీద నా ముందు పెట్టి, అన్నానికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. అది ఇంకా అక్కడే ఉంది. పక్కన పెట్టుకునే అమ్ముతున్నాను. తినేది తింటున్నాను, బిల్లులు కొడుతున్నాను, నవ్వేదానికి నవ్వుతున్నాను, అన్నీ ఇంకెవరో చేస్తున్నట్టుంది. నీ దూది నాకు చుట్టుకుంది.

ఆస్పత్రికి ఎందుకు రాలేదంటే, ఆ పీపా అద్దంలోంచి నువ్వు కనబడతావట. జొమ్‌రేని మంచులో పడుకోబెట్టిన చోట నేను నిలబడ్డాను. ఇంకోసారి నిలబడలేననుకున్నాను, అదీ నా చేత్తో నేనే చేసి.

ఒక్కటి అడగాలి. అడక్కుండా ఉండలేను. మీ అత్తగారు ఆ గదిలోనే కదా పడుకునేది. గొట్టం ఎప్పటి నుంచి వదులుగా ఉంది? ఆవిడ దాని వల్ల కాదు కదా?

పిల్‌సున్


జొంగ్‌సన్,
జనవరి 24

పిల్‌సున్,

చివరిది ముందు చెబుతాను. ఆవిడ జూన్‌లో బాత్రూములో పడింది, తుంటి విరిగింది. ఆస్పత్రిలో రెండు నెలలుండి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయింది. గొట్టం సెప్టెంబరు తుఫానుకి కదిలింది. అందుకే కదా అక్టోబరులో నీకు రాశాను. ఆవిణ్ణి నీ నెత్తి మీద వేసుకోకు. పదమూడేళ్ళు నా నెత్తి మీదే ఉంది, నీకు బరువు తెలీదు.

ఇప్పుడు నా వంతు. నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను.

నాకూ తెలుసు పిల్‌సున్. మొదట్లో కాదు. డిసెంబరులో నీ ఉత్తరం చదివాక, మర్నాడు పొద్దున్న జాడీ దగ్గర రెండో గిన్నె తాగుతుంటే, హాస్టలు పెరడు కళ్ళ ముందుకొచ్చింది. అదే తలనొప్పి. అదే కాళ్ళు. నా ఒళ్ళు గుర్తుపట్టింది. వెళ్ళి ఆ గొట్టం చూస్తే సరిపోయేది. పది అడుగులు. వెళ్ళలేదు. లోపలికొచ్చి మళ్ళీ ఆ గోడవారనే పడుకున్నాను. చావాలని కాదు. ఆ చోటు నాదే కదా అనిపించింది, అంతే. నలభై ఏడేళ్ళ కిందటే అక్కడ పడుకోవాల్సింది. పైగా హాయిగా ఉంది. అయినా నీకు పిల్లి సంగతి రాశాను. ఎందుకు రాశానో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. పిల్లుల కబుర్లు రాసే మనిషిని కాదు కదా నేను.

కొత్త బాయిలర్ చప్పుడే చెయ్యదు. పనిచేస్తోందో లేదో అని నేల మీద అరచెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. తల తేలిపోయింది. అన్నీ దగ్గరకొచ్చాయి, చప్పుళ్ళు కూడా.

మొన్న ఆ ఎర్ర బొంత ఉతుకుదామని తొట్టిలో వేశాను. వేడి నీళ్ళు పొయ్యగానే నొప్పి పట్టీల వాసన లేచింది. ఆవిడ నడుంకీ మోకాళ్ళకీ వేసుకునేది కదా, కర్పూరం వాసన. ఎన్నిసార్లు తిట్టానో ఆ వాసనని. "ఒసేయ్, నేల చల్లబడింది, బాయిలర్ పెంచు!" అని ఆ గదిలోంచి అరిచేది. "పెంచుతున్నా, అరవకండి!" అని నేనరిచేదాన్ని. తొట్టి పక్కన పీట మీద కూచున్నాను. అప్పుడు వచ్చింది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా. ఎక్కిళ్ళు, చీమిడి, అన్నీ. సబ్బు నీళ్ళు చల్లారిపోయాయి. తక్ గారి భార్య గోడ మీంచి చూసి "గ్యాసా అక్కా?" అని అరిచింది. "కాదు, అత్తగారు!" అని అరిచాను.

ఆవిడ కోసం మొదలైంది. మధ్యలో ఎక్కడో జొమ్‌రే అయిపోయింది.

మర్నాడు లేచేసరికి నీ మీద కోపం వచ్చింది. టేపు మీద, కిటికీ మీద, కమలాల పెట్టె మీద. రోజంతా ఉంది. గిన్నెలు చప్పుడు చేస్తూ తోమాను. ఎంత బాగుందో చెప్పలేను. కోపం వచ్చి ఎన్నాళ్ళైంది! అది ఇంకా పూర్తిగా పోలేదు. కొంచెం నీకోసం ఉంచాను, ఎదురుగా తిడదామని. ఉత్తరంలో తిడితే నాకు చాలదు.

ఆ టేపు ముక్క బల్ల మీంచి తీసి పారెయ్. మీ ఆయనకి అన్నం వడ్డించి, నాలుగు మాటలు తిట్టించుకో. తర్వాత, నువ్వు మొహమాటపడి మార్చెయ్ అనలేకపోయిన నాలాంటివాళ్ళు ఇంకెవరున్నారో చూసి, వాళ్ళకి కూడా బల్ల గుద్ది చెప్పు.

మిగిలిన ముల్లంగి నీళ్ళు పారబోశాను. పులిసిపోయాయి. నిన్న కొత్త జాడీ పెట్టాను, పెద్దది. ఒక్కదానికి ఎక్కువ. గంట గోడ మీద ఉంది, కిటికీ తెరిచే ఉంది, ఆ గదిలో ఇద్దరికి పరుపులు పడతాయి. గోడవారన చోటు ఈసారి నీది.

చంద్రుడి లెక్క కొత్త సంవత్సరం పండక్కి కొట్టు మూడు రోజులు ఎలాగూ మూస్తావు. కమలాలు తేకు. జెచన్‌లో పొద్దున్న పది నలభై బస్సు, పన్నెండుంబావుకి మా ఊరి మలుపులో దింపుతుంది. నేనొచ్చి నిలబడతాను, చెవి మిషను పెట్టుకునే వస్తాను.

ఏ రోజు వస్తున్నావు?

ఓక్‌నమ్